"సీట్లు మంచిగున్నయ్" అంటే సినిమా ఎట్లున్నట్టు?

మా పెద్దమ్మ పాలమూరులో ఉంటుంది. ఈ మధ్య కొడుకు, కోడలు, మనవడితో కలిసి ఒక పెద్ద హీరో సినిమాకు పోయొచ్చింది. మర్నాడు ఫోన్ చేసి "ఎట్లుంది పెద్దమ్మా సినిమా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "సీట్లు మంచిగున్నయ్ బిడ్డా, ఏసీ గూడ సల్లగుంది" అన్నది. నవ్వుకున్నాను. ఆ రాత్రే అదే సినిమా మీద వచ్చిన సమీక్షలు నాలుగు చదివాను. ఒకరు రెండుంపావు మార్కులు వేశారు, ఒకరు మూడు. ఛాయాగ్రహణం, నేపథ్య సంగీతం, నిర్మాణ విలువలు అంటూ అన్నీ వరసగా ఉన్నాయి. కానీ సినిమా మనిషిని పట్టుకుందా లేదా అన్న ముక్క ఎక్కడా దొరకలేదు. పెద్దమ్మ మాటలో అది ఉంది. చెప్పుకోవడానికి కథలో ఏమీ లేదు, తీసుకుపోయిన కొడుకు మనసు నొప్పించడం ఇష్టం లేదు, కాబట్టి సీట్లను మెచ్చుకుంది.

మా నల్లగొండ, పాలమూరు వైపు సినిమా చూసొచ్చినవాళ్ల మాటలకు ఒక లోపలి అర్థం ఉంటుంది. "పర్వాలే" అన్నారంటే పర్వాలేదని కాదు, మళ్లీ అడగొద్దని. "ఓసారి చూడొచ్చు" అంటే టికెట్ ఇంకెవరన్నా కొంటే చూడొచ్చు. "టైంపాస్ అయితది" అంటే పనిలేనివాళ్లకు. "పైసలు వసూల్" అంటే మాత్రం నిజంగా బాగుందని. ఈ జాబితాలోకి నాలుగైదేళ్ల కింద కొత్త మాట ఒకటి వచ్చి చేరింది: "ఓటీటీల వస్తది గదా, ఆగు." ఇంతకన్నా కఠినమైన తీర్పు నేను ఏ విమర్శకుడి రాతలోనూ చదవలేదు. వెనకట "అట్టర్ ఫ్లాప్" అన్నప్పుడు ఆ మాటలో కోపమన్నా ఉండేది. ఏదో ఆశ పెట్టుకుంటేనే కదా కోపం వచ్చేది. "ఆగు"లో ఆ కోపం కూడా లేదు.

దాని వెనక లెక్క కూడా ఉంది. తెలంగాణలో 2021 డిసెంబరులో ఖరారైన ధరల ప్రకారం ఏసీ ఉన్న మామూలు థియేటర్‌లో టికెట్ గరిష్ఠంగా 150 రూపాయలు, మల్టీప్లెక్స్‌లో 250. జీఎస్టీ దీనికి అదనం. 150 మీద 18 శాతం వేస్తే 177. ఇంట్లో నలుగురుంటే 708. మల్టీప్లెక్స్‌లోనైతే అదే నలుగురికి 1,180. పెద్ద సినిమాలకు మొదటి రోజుల్లో అనుమతి తెచ్చుకుని పెంచే రేట్లు ఇందులో కలపలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయలు, అంతకు తక్కువ టికెట్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. అంటే వంద రూపాయల టికెట్ 112 నుంచి 105కి వచ్చింది. వంద దాటిందా, మళ్లీ 18 శాతమే. అచ్చంపేట నుంచి పాలమూరుకో, దేవరకొండ నుంచి నల్లగొండకో వచ్చి చూసేవాళ్లకు బస్సు చార్జీలు ఉంటాయి. ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి అక్కడ కొంత మిగిలింది, ఆ మిగిలింది పాప్‌కార్న్‌కు పోయింది. అందుకే "సినిమా ఎట్లుంది?" అని మా ఊళ్లో ఎవరన్నా అడిగితే అది కళ గురించిన ప్రశ్న కాదు. నా వెయ్యి రూపాయలు పెట్టొచ్చా, వద్దా అని అడుగుతున్నట్టు.

జవాబు చెప్పేవాడికి కూడా ఆ సంగతి తెలుసు. నల్లగొండలో నేను కటింగ్ చేయించుకునే షాపులో కత్తెర పట్టుకునే అన్నకు సినిమాల పిచ్చి. శుక్రవారం సెకండ్ షో చూడకుండా ఉండడు. ఒక శనివారం నా ముందే ఇంటర్ చదివే పిల్లగాడు అడిగితే "ఫైట్లు దుమ్ము లేపినయి, పో" అన్నాడు. పది నిమిషాలకు ఒక సారు వచ్చి అదే సినిమా గురించి అడిగితే, "మీరొక్కరే పోండ్రి సార్, ఇంట్ల ఆడోళ్లను తీస్కపోకుండ్రి. నరుకుడు ఎక్కువున్నది" అన్నాడు. ఒకే మనిషి, ఒకే సినిమా, రెండు తీర్పులు. రెండూ సరైనవే. అడిగేవాడి వయసు, ఇల్లు, జేబు చూసి చెప్పిన మాట అది. పైగా వచ్చే నెల ఆ సారు మళ్లీ అదే కుర్చీలో కూచుంటాడు. అబద్ధం చెబితే ముఖం చూపించుకోవాలి కదా. ఇంటర్నెట్‌లో మార్కులు వేసేవాడికి ఆ సారు ఎవరో తెలియదు, ఆయనకు ముఖం చూపించుకోవాల్సిన పనీ లేదు. నా దృష్టిలో అసలు తేడా ఇదే. ఎవరికి చెబుతున్నామో తెలిసి చెప్పిన మాటకే బరువుంటుంది.

మామూలు ప్రేక్షకుడికి సినిమా గురించి ఏం తెలుసు అని అనేవాళ్లున్నారు. కెమెరా గురించి తెలియకపోవచ్చు, తెరమీద చూపించే పని గురించి మాత్రం బాగా తెలుసు. మా చిన్నాయన ఒకాయన పాలమూరు లేబర్‌గా బొంబాయి, పుణెల్లో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చాడు. టీవీలో ఏదో సినిమా నడుస్తుంటే, హీరో నెత్తిమీద తట్ట పెట్టుకుని పాడుకుంటూ పోయే సీన్ వచ్చింది. చిన్నాయన బీడీ తీసి పక్కన పెట్టి, "అండ్ల మట్టి లేదురా. మట్టుంటే మెడ అట్ల తిరుగుతదా?" అన్నాడు. ఆ తర్వాత ఆ హీరో ఎన్ని డైలాగులు చెప్పినా ఆయన పట్టించుకోలేదు. సినిమా ఆయన దగ్గర ఓడిపోయింది ఆ తట్ట కాడనే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. ఆసుయంత్రం తయారుచేసిన ఆలేరు మనిషి చింతకింది మల్లేశం కథతో 2019లో 'మల్లేశం' సినిమా వచ్చింది. ఆసు పోయడమంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పి చుట్టే పని. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలంటే పద్దెనిమిది వేలు. మాకు చుట్టమయ్యే ఒక పెద్దావిడ, పెళ్లయిన నాటినుంచి ఆసు పోసిన మనిషి, ఆ సినిమా చూసి నటన బాగుందనో పాటలు బాగున్నాయనో అనలేదు. కుడి భుజం పట్టుకుని "నా చెయ్యి గుంజింది బిడ్డా" అన్నది. దీనికి ఎన్ని మార్కులు వేస్తారు?

యాస విషయంలోనూ అంతే. "తెలంగాణ యాస అదరగొట్టారు" అని సమీక్షల్లో రాస్తుంటారు. ఏ తెలంగాణ? గద్వాల, అలంపూర్ మాటలో తుంగభద్ర అవతలి కర్నూలు వినపడుతుంది. నారాయణపేటలో కన్నడం కలిసి ఉంటుంది. కోదాడ, హుజూర్‌నగర్ వైపు కృష్ణా జిల్లా ఛాయలుంటాయి. సిరిసిల్ల మాట వీటిలో దేనికీ చెందదు. వెనకట ఈ మాటలను రౌడీలకు, పనివాళ్లకు, నవ్వించేవాళ్లకు పెట్టేవారు. ఇప్పుడు హీరోలకు పెడుతున్నారు, సంతోషమే. కానీ అన్ని జిల్లాలనూ కలిపి రుబ్బి, చివర నాలుగు "ర్రు"లు చల్లితే యాస అయిపోతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అట్లాంటి డైలాగు వచ్చినప్పుడు నల్లగొండ థియేటర్‌లో నవ్వు పుడుతుంది, డైరెక్టరు ఏడ్పించాలనుకున్న చోట. ఆ నవ్వు కూడా అభిప్రాయమే.

2023 మార్చిలో వచ్చిన 'బలగం' సిరిసిల్ల వైపు తీసిన సినిమా. మూడు వారాలకే ఓటీటీలోకి వచ్చింది. వచ్చాక కూడా ఊళ్లలో తెరలు కట్టుకుని జనం గుంపుగా కూచుని చూశారు. "ఓటీటీల వస్తది, ఆగు" అన్న సూత్రమే అక్కడ తిరగబడింది. ఫోన్‌లో చూసిన సినిమాను మళ్లీ నలుగురి మధ్య చూడాలనిపించిందంటే అది పెద్ద తీర్పే. మా పెద్దమ్మ ఆ సినిమా చూసి సీట్ల ఊసే ఎత్తలేదు. చనిపోయినవాళ్ల పేరున పిట్టకు పెట్టే కాడ తగువు పెట్టుకుంది. "మా దిక్కు అట్ల పెట్టరు, ఇట్ల పెడ్తరు" అని రెండు రోజులు వాదించింది. సినిమాతో కొట్లాడిందంటే దాన్ని ఇంటి మనిషి లెక్కలో వేసుకున్నట్టు. నల్లగొండలో ముసలివాళ్లు తెలంగాణ సాయుధ పోరాటం మీద తీసిన 'మా భూమి' సినిమా గురించి మాట్లాడినా అంతే. కథ, దర్శకత్వం అని మొదలుపెట్టరు. అందులోని 'బండెనక బండి కట్టి' రాసిన బండి యాదగిరి, 'పల్లెటూరి పిల్లగాడా' రాసిన సుద్దాల హనుమంతు ఇద్దరూ ఉమ్మడి నల్లగొండ వాళ్లు. "అవి మా పాటలు" అనే మొదలుపెడతారు.

ఇంత తెలివైన మాటకు సినిమా వ్యాపారంలో ఉన్న విలువ ఏమిటంటే, దాదాపు లేదు. కలెక్షన్ల లెక్కల్లో మా జిల్లాలన్నీ కలిపి "నైజాం". 1948లో పోయిన రాజ్యం పేరు పంపిణీదారుల పుస్తకాల్లో ఇంకా బతికే ఉంది. ఆ నైజాం అంకెలో హైదరాబాద్ వాటా ముందు వనపర్తి, మిర్యాలగూడ ఎంత కనిపిస్తాయి? బాగా ఆడని సినిమాకు "బీ, సీ సెంటర్లలో", అంటే మాలాంటి చిన్న పట్టణాల్లో, "ఎక్కలేదు" అని కారణం చెబుతారు, ఎక్కడానికి మాకేదో మెట్టు తక్కువైనట్టు.

నిర్మాతల కోపమంతా యూట్యూబ్ సమీక్షల మీద. కేరళ హైకోర్టు నియమించిన అమికస్ క్యూరీ, అంటే కోర్టుకు సలహా ఇచ్చే న్యాయవాది, 2024లో, విడుదలైన 48 గంటల దాకా వ్లాగర్లు సమీక్షలు పెట్టకుండా ఉంటే మంచిదని సూచించారు. అదే ఏడాది తమిళ నిర్మాతలు మూడు రోజులు సమీక్షలు ఆపాలని మద్రాసు హైకోర్టుకు వెళ్తే, డిసెంబరులో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే సరి. డబ్బు తీసుకుని సినిమాను చంపేవాళ్లు, లేపేవాళ్లు ఉంటే వాళ్ల సంగతి వేరేగా తేల్చాలి. రెండు రోజులు నోరు మూసుకోమంటే మా కటింగ్ షాపు అన్న కూడా మూసుకోవాలా?

నాకు దిగులు కలిగించేది సమీక్షలు కాదు, వాటిని మనం మన మాటలుగా చెప్పుకోవడం. డిగ్రీ చదివే మా మేనల్లుడు సినిమాకు పోకముందే "సెకండాఫ్ ల్యాగ్ మామా" అంటాడు. పోయొచ్చాక కూడా అదే ముక్క. మధ్యలో రెండున్నర గంటలు వాడి కళ్లు ఏం చూశాయో అంతుపట్టదు. వాడిని అనడానికి నాకూ నోరు లేదు. పోయిన దసరాకు అత్తగారింట్లో అందరూ కూచున్నప్పుడు ఒక సినిమా గురించి నేనూ ధైర్యంగా "ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ లాగిండు" అనేశాను. చూడలేదు, చదివానంతే. మా బామ్మర్ది చూసినవాడు. గ్లాసు కింద పెట్టి తాపీగా అడిగాడు: "బావా, ఇంటర్వెల్ ఏడ పడ్డది?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి ఎవరు సినిమా గురించి చెప్పినా ఆ ప్రశ్నే అడుగుతున్నాను. ఇది రాయడానికి కూచున్నప్పుడు పెద్దమ్మకు మళ్లీ ఫోన్ చేశాను, ఆ సీట్ల సినిమాలో ఇంటర్వెల్ ఎక్కడ పడిందని.

"ఇంటర్వెలా? ఆ పిలగాడు బాయి కాడ నిలవడి ఒర్రుతుండె, అంతట్ల లైట్లేసిండ్రు. ఎందుకు ఒర్రుతుండో నాకు సమజ్ కాలే. సమోసలు తెచ్చిండు మీ అన్న. లోపటి ఆలుగడ్డ ఉడకనే లేదు బిడ్డా."