చెత్త బండి రాని ఊళ్లో నిశ్శబ్దం

జపాన్‌లోని కమికత్సు అనే ఊళ్లో చెత్త బండి రాదు. ఇంట్లో పోగైన సీసాలు, డబ్బాలు, పాత కాగితాలు, చిరిగిన బట్టలు ఎవరికి వాళ్లు కడిగి, ఆరబెట్టి, కారులో వేసుకుని ఊరి చెత్త కేంద్రానికి తెచ్చుకోవాలి. అక్కడ నలభైకి పైగా రకాలుగా వేరు చేసి వేయాలి. తెల్ల గాజు సీసా ఒక చోట, గోధుమరంగు సీసా ఇంకో చోట. అట్టపెట్టెలు వేరు, పాల ప్యాకెట్లు వేరు. ఏ వస్తువు ఇక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో, అక్కడ దేనిగా మారుతుందో, దాన్ని పంపినందుకు ఊరికి ఎన్ని యెన్‌లు ఖర్చవుతుందో, లేదా ఎన్ని యెన్‌లు వస్తాయో డబ్బాల దగ్గర రాసి పెట్టారు. కారు లేని ముసలివాళ్ల ఇళ్లకు మాత్రం రెండు నెలలకోసారి ఊరివాళ్లే వచ్చి తీసుకెళ్తారు.

జపాన్ నాలుగు పెద్ద దీవుల్లో అన్నిటికంటే చిన్నది షికోకు. అందులో టోకుషిమా నగరం నుంచి కారులో గంట ప్రయాణం చేస్తే, కొండల నడుమ వస్తుంది కమికత్సు. రైలు లేదు. జనాభా 1,400 లోపే, వాళ్లలో సగం మందికి పైగా 65 ఏళ్లు దాటినవాళ్లు. ఊరి నేలలో ఎనభై శాతం పైగా అడవి. మిగిలిన చోట మెట్ల మెట్లుగా చిన్న చిన్న వరి మడులు, దూరం దూరంగా ఇళ్లు.

ఇలాంటి ఊళ్లకు వెళ్లమని ఇప్పుడు అందరూ చెబుతున్నారు. 2024లో జపాన్‌కు 3 కోట్ల 68 లక్షల మంది విదేశీయులు వెళ్లారు. అది అప్పటికి రికార్డు. క్యోటోలోని గియోన్‌లో ప్రైవేటు సందుల్లోకి పర్యాటకులు రాకూడదని బోర్డులు పెట్టారు. ఫుజి కొండ ఫొటో కోసం జనం ఎగబడుతున్నారని ఒక పట్టణంలో అదే ఏడాది రోడ్డు పక్కన పెద్ద నల్ల తెర కట్టారు. అందుకే పర్యాటకుల్ని పల్లెల వైపు మళ్లించాలని ప్రభుత్వం చూస్తోంది. టోక్యో, ఒసాకా చూసొచ్చిన మనవాళ్లు కూడా ఈసారి ప్రశాంతంగా ఉండే ఊరేదైనా చెప్పమని అడుగుతున్నారు. ఆ కోరికలో తప్పేమీ లేదు. కానీ ప్రశాంతత అని మనం దేన్ని అంటున్నామో ఒకసారి ఆలోచించాలి. జపాన్ పల్లెలో వినిపించే ఆ నిశ్శబ్దం ఎక్కువగా పిల్లలు లేకపోవడం వల్ల వచ్చింది.

1955లో కమికత్సు జనాభా ఆరు వేల పైన. యుద్ధం తర్వాత కలపకు గిరాకీ ఉంటుందని కొండల నిండా దేవదారు మొక్కలు నాటారు. 1964లో విదేశీ కలప దిగుమతికి తలుపులు పూర్తిగా తెరిచేశారు. ఆ తర్వాత కొండల్లో చెట్టు కొట్టి కిందకు దింపే ఖర్చు కూడా రాని రోజులొచ్చాయి. కుర్రవాళ్లు ఒసాకా వెళ్లిపోయారు. ఈ కథ ఒక్క కమికత్సుది కాదు. 2040 నాటికి 896 పట్టణాలు, గ్రామాలు అంతరించే ప్రమాదంలో పడతాయని 2014లో మాజీ మంత్రి మసుదా హిరోయా నాయకత్వంలోని బృందం హెచ్చరించింది. పిల్లల్ని కనే వయసు స్త్రీల సంఖ్య సగానికి పడిపోయే ఊళ్ల లెక్క అది. 2024లో మళ్లీ లెక్కేస్తే 744 తేలాయి. 2023 గణాంకాల ప్రకారం దేశంలో ఖాళీగా ఉన్న ఇళ్లు 90 లక్షలు.

ఇదే టోకుషిమా జిల్లాలో ఇయా లోయలో నగోరో అనే పల్లె ఉంది. అక్కడ ఉండే కొద్దిమంది కంటే గుడ్డతో, గడ్డితో చేసిన నిలువెత్తు బొమ్మలు ఎన్నో రెట్లు ఎక్కువ. 2012లో మూతపడిన బడిలో బొమ్మ టీచరు ముందు బొమ్మ పిల్లలు కూర్చుని ఉంటారు. యాత్రికులు అది వింతగా ఉందని ఫొటోలు తీసుకుంటారు. నాకు ఆ ఫొటోలు చూడగానే గుండె బరువెక్కుతుంది. వెళ్లిపోయినవాళ్ల చోటు ఖాళీగా చూడలేక చేసుకున్న బొమ్మలు అవి.

కమికత్సు దగ్గర నేను ఆగిపోవడానికి కారణం, ఈ ఊరు అదే పరిస్థితిలో ఉండి ఇంకో పని చేసింది. 1981 ఫిబ్రవరిలో వచ్చిన చలిగాలులకు ఊరికి బతుకుతెరువైన కమలా తోటలు ఎండిపోయాయి. రైతు సహకార సంఘంలో యొకోయిషి తొమోజి అనే యువ సలహాదారు పని చేస్తున్నాడు. బరువు ఎత్తలేని ముసలి ఆడవాళ్లు చేయగల పని ఏముందని వెతికాడు. ఒసాకాలో ఒక భోజనశాలలో పళ్లెంలో అలంకారానికి పెట్టిన మేపుల్ ఆకును చూసి అమ్మాయిలు మురిసిపోతుంటే అతనికి ఆలోచన వచ్చింది. జపాన్ ఖరీదైన భోజనంలో రుతువును గుర్తు చేసేలా ఆకో, పువ్వో పెట్టడం సంప్రదాయం. దాన్ని త్సుమామొనో అంటారు. ఆ ఆకులు మన కొండ నిండా ఉన్నాయి కదా, కోసి అమ్ముదాం అన్నాడు.

ఊళ్లోవాళ్లు నమ్మలేదు. ఆకుల్ని డబ్బుగా మార్చేది జానపద కథల్లోని నక్కలు, తనుకిలే అన్నారు. తనుకి అంటే వేషాలు మార్చి మనుషుల్ని మోసం చేసే అడవి జంతువు. 1986లో కొద్దిమందితో మొదలుపెడితే మొదట సరుకు అమ్ముడుపోలేదు. వంటవాళ్లకు ఏ పళ్లేనికి ఎంత ఆకు కావాలో, ఏ నెలలో ఏ రంగు కావాలో వీళ్లకు తెలియదు. యొకోయిషి తన సొంత జీతంతో ఖరీదైన హోటళ్లకు వెళ్లి, కూర్చుని తిని, ఆకుల కొలతలు నేర్చుకుని వచ్చాడు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే విలువైన భాగం ఇదే. కొనేవాడి పళ్లెం దాకా వెళ్లి చూసిన సలహాదారులు మనకు ఎంతమంది ఉన్నారు?

తర్వాత ఊరి హెచ్చరికల రేడియో వ్యవస్థనే వాడుకుని ఆర్డర్లు ఇళ్లకు ఫ్యాక్స్‌లో పంపారు. 1999లో ఇరోదోరి అనే సంస్థ ఏర్పడింది. కంప్యూటర్లు వచ్చాయి, ఆపైన టాబ్లెట్లు. ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్ల బామ్మలు ఉదయం తెర మీద ఆర్డరు చూసి, ఎవరు ముందు నొక్కితే వాళ్లకు దక్కుతుంది కాబట్టి తొందరపడతారు. ఏ ఆకు ధర ఎంత పలుకుతోంది, తమ అమ్మకం ఊళ్లో ఎన్నో స్థానంలో ఉంది అన్నది ఎవరిది వాళ్లకు కనిపిస్తుంది. మూడు వందలకు పైగా రకాలు అమ్ముతున్నారు. అమ్మకాలు ఏడాదికి 20 కోట్ల యెన్‌లు దాటిన సందర్భాలున్నాయి. వచ్చే ఏళ్లలో కోయడానికి ఇప్పుడు మొక్కలు నాటే ముసలివాళ్లను ఊహించుకోండి.

ఇక్కడ మన పాడేరు, అరకు సంతలు గుర్తొస్తాయి. గిరిజన ఆడవాళ్లు కొండెక్కి అడ్డాకులు కోసి, ఎండబెట్టి, ఈనుపుల్లలతో విస్తళ్లు కుట్టి తెస్తారు. పని కష్టంలో, నైపుణ్యంలో వాళ్లు కమికత్సు బామ్మలకు ఏ మాత్రం తీసిపోరు. తేడా అంతా సమాచారంలో ఉంది. విస్తరి ఏ ఊరి పెళ్లి భోజనానికి పోతుందో, అక్కడ ఎంతకు అమ్ముతారో కుట్టినామెకు తెలియదు. సంతలో షావుకారు చెప్పిందే ధర. కమికత్సులో బామ్మ చేతిలో ఉన్న టాబ్లెట్‌ను చూసి టెక్నాలజీ అని మెచ్చుకుంటాం. ఆ తెర మీద మార్కెట్ ధర కనిపించడమే అసలు విషయం.

చెత్త సంగతి కూడా ఆదర్శంతో మొదలవలేదు. 1990ల చివరి దాకా ఈ ఊరు చెత్తను ఆరుబయట గోతిలో వేసి తగలబెట్టేది. తర్వాత రెండు చిన్న దహన యంత్రాలు పెట్టారు. చెత్త కాల్చినప్పుడు వెలువడే డయాక్సిన్లనే విషపదార్థాల మీద చట్టం కఠినం కావడంతో కొద్ది ఏళ్లకే అవి మూతపడ్డాయి. కొత్త యంత్రం కొనడానికి ఊరి దగ్గర డబ్బు లేదు. వేరు చేయడం ఒక్కటే దారి. 2003లో జపాన్‌లో మొట్టమొదటగా జీరో వేస్ట్ ప్రకటన చేసి, 2020 నాటికి కాల్చేదీ పూడ్చేదీ లేకుండా చేస్తామన్నారు. ఆ లక్ష్యం పూర్తిగా అందలేదు. దాదాపు 80 శాతం మళ్లీ వాడకంలోకి పోతుంది. డైపర్లు, రబ్బరు, తోలు, కొన్ని రకాల ప్లాస్టిక్ మిగిలిపోయాయి. వాటిని తయారు చేసే కంపెనీలు మారకపోతే ఊరు ఎంత కడిగి ఆరబెట్టినా లాభం లేదు. 1,400 మంది ఇరవై ఏళ్లు కష్టపడి ఈ నిజాన్ని అంకెల్లో చూపించారు. దాన్ని ఓటమి అనడానికి నా మనసు ఒప్పుకోదు.

జనాభా తగ్గడం కూడా ఆగలేదు. ఆకుల గురించీ చెత్త గురించీ ప్రపంచం మాట్లాడుతున్న ఈ ఏళ్లలోనూ ఊరు చిన్నదవుతూనే ఉంది. పల్లెను బతికించే మంత్రం ఇదేనని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అయితే పర్యాటకం మీదే ఆధారపడిన ఊరు ఎలా ఉంటుందో కూడా చూడాలి. జపాన్‌లోనే మరో కొండ పల్లె షిరకవాగో. దాని జనాభా 1,500 చిల్లర. గడ్డి కప్పుల ఇళ్లకు 1995లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కరోనాకు ముందు ఏడాదికి 15 లక్షల మందికి పైగా వచ్చేవాళ్లు. చలికాలం దీపాల వేడుకకు ముందుగా బుక్ చేసుకుంటేనే రానిస్తున్నారు. అక్కడ ఊరు చూపులకు బతుకుతోంది. కమికత్సులో మనం వెళ్లినా వెళ్లకపోయినా ఉదయం ఆర్డరు వస్తుంది.

ఇదంతా మనకెందుకు అనిపించవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ సంతాన రేటు, అంటే ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య, 1.7, తెలంగాణది 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే కావలసింది 2.1. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీసేసింది. పిల్లల్ని కనమని చెప్పడం మొదలైంది. ఊళ్లో ఉండిపోయిన పెద్దవాళ్లకు రేపు పొద్దున్న ఏం పని ఉంటుంది అన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగడం లేదు. మా అమ్మమ్మ ఊళ్లో పిల్లలందరూ హైదరాబాదులోనో, డాలస్‌లోనో ఉన్న ఇళ్లు వరసగా ఉన్నాయి. డబ్బుకు లోటు లేదు. అరుగు మీద కూర్చున్న మనిషిని ఫలానా పని కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్లు లేరు. పింఛను అవసరమే, అది ఈ లోటును తీర్చదు.

కమికత్సు వెళ్లాలనుకుంటే పగటిపూట చూసి వచ్చేయకండి. చెత్త కేంద్రం పక్కనే 2020లో నాలుగు గదుల హోటల్ కట్టారు. పైనుంచి చూస్తే భవనం మొత్తం ప్రశ్న గుర్తు ఆకారంలో ఉంటుంది. ఊళ్లోవాళ్లు ఇచ్చిన సుమారు 700 పాత కిటికీలు దాని గోడల్లో ఉన్నాయి. దిగేటప్పుడు సబ్బు బిళ్లలోంచి మీకు ఎంత అవసరమో అంతే కోసుకోమంటారు. ఉన్నన్ని రోజుల్లో మీ చెత్తను మీరే వేరు చేయాలి. వెళ్లే రోజు ఉదయం దాన్ని మోసుకుని డబ్బాల దగ్గరికి వెళ్తే, ఏ సీసా ఎందులో వేయాలో తెలియక నిలబడిపోతారు. అక్కడికి రోజూ వచ్చే ఊరివాళ్లు ఆ బోర్డులు చదవనక్కర లేకుండానే తమ సంచులు ఖాళీ చేసుకుని పనికి పోతుంటారు.