సింహాలు నలభై, జింక ఒక్కటీ లేదు

మొన్న మా ఆఫీసువాళ్లు మమ్మల్ని సింహాలను చేశారు. హోటల్ హాల్లో, ఇడ్లీ వడ తిన్నాక. కోటు వేసుకున్న ట్రైనర్ గారు బోర్డు మీద పిరమిడ్ గీసి, అడుగున గడ్డి, మధ్యలో జింక, కొసన సింహం పెట్టి, "ఫుడ్ చైన్‌లో మీరెక్కడ?" అని గద్దించారు. నలభై మందిమీ లేచి గర్జించాం. అకౌంట్స్ పెద్దాయనకు దగ్గొచ్చింది, దాన్నీ గర్జన కిందే జమకట్టారు.

ఇలాంటి ట్రైనర్లను మీరూ చూసే ఉంటారు, వర్ణించను. నా బాధల్లా ఆ పిరమిడ్ గురించే. జంతువుల ఆవరణ శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకడైన చార్లెస్ ఎల్టన్ 1927 నాటి తన పుస్తకంలో వివరించిన సరుకది. ఆయన 1921లో, ఇరవై ఒక్కేళ్లకే, ఆక్స్‌ఫర్డ్ నుంచి ఉత్తరధ్రువం దగ్గరి స్పిట్స్‌బెర్గెన్ మంచుదీవులకు వెళ్లాడు. అక్కడ ఎవరు ఎవర్ని తింటున్నారో చూసి బొమ్మ గీశాడు. అందులో సింహం లేదు, ధ్రువపు నక్క ఉంది. అది పక్షుల గుడ్లు తింటుంది. చలికాలంలో తెల్ల ఎలుగుబంటి వదిలేసిన సీల్ మాంసం, దాంతోపాటు ఎలుగుగారి పెంట. మా మీటింగులకు ఇంత దగ్గరగా వచ్చిన జంతువు ఇంకోటి లేదు. ఆఫ్రికాలో హైనా కూడా ఉష్ట్రపక్షి గుడ్లు, సింహం మిగిల్చిన జీబ్రా తింటుంది కాబట్టి, ఊళ్లు వేరైనా ఇద్దరిదీ ఒకటే ఉద్యోగమన్నాడు ఎల్టన్.

ఇక పిరమిడ్. ఎల్టన్ చెప్పిన ఉదాహరణే: ఒక చిన్న ఓక్ చెట్ల తోపులో ఆకురసం పీల్చే పేనుబంక లెక్కలేనంత, సాలీళ్లు బోలెడు, పిట్టలు కొన్ని, డేగలు ఒకటో రెండో. పైకి పోయేకొద్దీ తగ్గాల్సిందే, లేకపోతే తిండి చాలదు. మా హాల్లో మాత్రం నలభై సింహాలు! మధ్యాహ్నం ప్లేట్లు పట్టుకుని లైన్లో నిలబడ్డాయి. శాకాహార సింహాలకు వేరే లైను. ఆఖరి గులాబ్‌జామ్ దగ్గర రెండు సింహాలకు మాటామాటా పెరిగింది. అందరికంటే చివర వచ్చిన మేనేజర్ సింహానికి అందరికంటే ముందు వడ్డించారు.

తర్వాత ట్రైనర్ గారు టీ ట్రేతో నిలబడ్డ కుర్రాణ్ణి చూపించి, "గడ్డిలా మిగిలిపోకండి" అన్నారు. హాలంతా నవ్వింది. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

అయ్యా ట్రైనరూ, 1925లో హడ్సన్ బే కంపెనీ ఎల్టన్‌ను సలహాదారుగా పెట్టుకున్నది పుణ్యానికి కాదు, బొచ్చుతోళ్ల వ్యాపారానికి. కెనడాలో సుమారు పదేళ్లకోసారి కుందేళ్ల సంఖ్య కుప్పకూలుతుంది. వెనకాలే లింక్స్ అనే అడవిపిల్లి తోళ్ల రాబడీ పడిపోతుంది. పైనున్న పిల్లి ఎంత గుర్రుమన్నా కింద కుందేలు లేకపోతే ఆకలితో చస్తుంది. తోళ్లమ్ముకునేవాళ్లకు వందేళ్ల కిందట అవసరమైన లెక్క నీకు అక్కర్లేదా? తెల్లారకుండా వచ్చి నువ్వు నిలబడే నేల తుడిచినవాడు గడ్డా? వాడు రెండ్రోజులు రాకపోతే నీ సింహానికి మంచినీళ్లు పోసే దిక్కుండదు!

వచ్చే నెల మళ్లీ సెషన్ ఉందట. ఈసారి అందరం డేగలం కావాలట. ఓక్ తోపులో ఒకటో రెండో అని హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాను. బ్రేక్‌ఫాస్ట్ ఎనిమిదిన్నరకని జవాబొచ్చింది.