పదును చూడాలంటే మేలో కాదు, జూన్‌లో రావాలి

ఆంత్రోపాలజీ, అంటే మానవశాస్త్రం, అనగానే మన దగ్గర చాలామందికి గుర్తొచ్చేది సివిల్స్ ఆప్షనల్. అశోక్‌నగర్‌లో నాలుగు నెలలు కోచింగ్ తీసుకుని, మెయిన్స్ రాసి, నోట్స్ జూనియర్‌కు ఇచ్చేసే సబ్జెక్టు. దాన్నే రెండేళ్లు పీజీగా, అందులోనూ పర్యావరణ మానవశాస్త్రం వైపు చదువుతానని అనంతపురంలో ఓ అమ్మాయి ఇంట్లో చెబితే నాన్న ముందు అడిగేది ‘అది చదివితే ఏమొస్తుందమ్మా?’ అనే. తప్పు ప్రశ్నేం కాదు. శెనక్కాయ మీద పెట్టిన డబ్బు ఎన్నిసార్లు మట్టిలోనే పోయిందో తెలిసిన ఇల్లు అది.

ఉద్యోగం సంగతి ముందు తేల్చేద్దాం. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావం అంచనా వేయాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద నల్లమల చెంచులు ఏ అడవిని ఎలా వాడుకుంటున్నారో వాళ్లతో కూర్చుని రాసేవాళ్లు కావాలి. ఇవి ఈ చదువు తెలిసినవాళ్లు చేయాల్సిన పనులు. జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉంటుందని మాత్రం మేం చెప్పం.

ఇక చదువు. మనుషులు తమ చుట్టూ ఉన్న నేలను, నీటిని, అడవిని ఏ పేర్లతో పిలుస్తారు, ఎలా పంచుకుంటారు, దేనికోసం కొట్లాడుకుంటారు, ఇదంతా అక్కడే ఉండి వాళ్ల భాషలో నేర్చుకోవడం. 1950ల్లో హెరాల్డ్ కాంక్లిన్ అనే అమెరికన్ ఆంత్రోపాలజిస్టు ఫిలిప్పీన్స్‌లో హనునో ప్రజల మధ్య ఉండి చూస్తే వాళ్లు 1,600కు పైగా మొక్కల రకాలను వేరువేరు పేర్లతో చెప్పారు. అంత దూరం ఎందుకు, మన ‘పదును’నే, అంటే విత్తడానికి నేలలో ఉండాల్సిన తడినే తీసుకోండి. మండల ఆఫీసులో వాన మిల్లీమీటర్లలో ఉంటుంది. రైతు చేలోకి వెళ్లి మడమతో మట్టిని గుచ్చి, వేళ్లతో ఇంకాస్త లోపలికి తవ్వి, పిడికెడు తీసి నొక్కుతాడు. ఉండ కట్టి, వేలితో తాకగానే విడిపోతే పదును. చేతికి అంటుకుంటే ఇంకా ఆరాలి. అదే వాన ఎర్రనేలకు పదునైతే పక్కనున్న నల్లరేగడికి చాలకపోవచ్చు. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయే అనంతపురం జిల్లాలో విత్తాలా, ఆగాలా అన్నది ఆ పిడికిట్లోనే తేలుతుంది.

కడప జిల్లాలో కలివికోడి సంగతీ అంతే. 1848లో జెర్డన్ దొర లోకానికి చెప్పిన పిట్ట, 1900 తర్వాత ఎవరికీ కనబడకపోతే అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో లంకమల పక్కన ‘మళ్లీ దొరికింది’. దొరికింది అనేది పరిశోధకుల మాట. బొమ్మ చూపించి అడిగితే గుర్తుపట్టి, రాత్రిపూట లైటు వేసి పట్టుకొచ్చింది అక్కడి వేటగాడే. పుస్తకాల్లో పోయిన పిట్టకు పల్లెలో పేరు ఉండనే ఉంది.

పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు 12 అంగాలు, 6 దోషాలు చెప్పి, రోజుకు 1,000 మంది కూలీలు, 100 బండ్లు 2 ఏళ్లు పనిచేశాయని లెక్క కూడా రాసిపెట్టింది. తూము ఎప్పుడు ఎత్తాలి, కింది మడికి నీళ్లు అందకముందే పై మడివాడు కాలవకు గండి కొడితే ఎవరు అడ్డం పడాలి, అదంతా ఊరి నీరుగంటికి తెలిసిన విద్య. బోర్లు వచ్చాక చాలా ఊళ్లలో నీరుగంటి పనే లేకుండా పోయింది. మిగిలినవాళ్లు పెద్దవాళ్లయిపోయారు.

మా గొడవ ఇక్కడే. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ శాఖలున్నాయి, సంతోషం. కానీ సెమిస్టర్ల మధ్య ఇరికించిన కొద్ది వారాల ఫీల్డ్‌వర్క్‌తో సీమ ఊరు అర్థం కాదు. మే నెలలో వచ్చిన విద్యార్థికి కనబడేదేమిటి? నెర్రెలిచ్చిన చెరువు, బెంగళూరు పనులకు పోయినవాళ్ల ఇళ్లకు తాళాలు, రచ్చబండ మీద నలుగురు ముసలివాళ్లు. వాళ్ల ముందు ప్రశ్నావళి తెరిచి ‘కరువు వల్ల మీకు కలిగిన ఇబ్బందులేమిటి?’ అని అడిగితే, పాపం వాళ్లు మాత్రం ఏం చెబుతారు, ప్రతి సర్వే వాళ్లకూ చెప్పిందే చెబుతారు. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వచ్చి ఊరు కదిలేసరికి ఆ పిల్ల హాల్‌టికెట్ కోసం క్యాంపస్‌లో లైన్లో ఉంటుంది.

కాబట్టి ఒక సెమిస్టర్ మొత్తం, విత్తనం వేసినప్పటి నుంచి శెనక్కాయ పీకేదాకా, విద్యార్థిని ఊళ్లోనే ఉండనివ్వండి. గది అద్దె, బస్సు చార్జీలు, తిండి ఖర్చు యూనివర్సిటీయే భరించాలి, లేకపోతే డబ్బున్న ఇంటి పిల్లలే ఈ చదువు చదువుతారు. థీసిస్ ఇంగ్లిష్‌లో రాస్తే రాయనీ, అందులో పది పేజీలైనా తెలుగులో రాసి ఆ ఊరి పంచాయతీ ఆఫీసులో పెట్టించండి. సీమ కరువు మీద డాక్టరేట్లు తీసుకున్నవాళ్లకు కొదవలేదు. తిరిగొచ్చి ఏం రాశారో ఆ ఊళ్లో చదివి వినిపించినవాళ్లే తక్కువ.