అత్త మీద కోపం వాల్వు మీద

అమెరికాలో అరవైల నాటి మస్టాంగ్, కమారో కార్లను ముద్దుగా పెంచుకునే పెద్దమనుషుల దగ్గర ఒక గొప్ప పరిపాలనా సూత్రం ఉంది. బ్రేకుల్లో ఏ తేడా వచ్చినా ముందు, వెనక బ్రేకులకు పోయే ప్రెజర్‌ను అదుపు చేసే ప్రపోర్షనింగ్ వాల్వును పీకెయ్యాలి, విచారణ సంగతి తర్వాత. పెడల్ మెత్తగా దిగిపోతోందా? వాల్వు మార్చండి. తొక్కినా దిగనంటోందా? వాల్వు మార్చండి. కారు ఎడమకు లాగుతోందా? అదీ వాల్వు పనే. జిల్లాలో ఏం జరిగినా కలెక్టరును బదిలీ చేసి చేతులు దులుపుకునే సంప్రదాయం ఎరిగినవాణ్ణి కాబట్టి ఈ విధానానికి నా సంపూర్ణ మద్దతు ప్రకటిస్తున్నాను.

నిందితుడి పూర్వాపరాలు కొంచెం చెప్పాలి. 1965 మస్టాంగ్‌కు అదనంగా డబ్బు కడితే ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు ఇచ్చేవారు. వెనక మాత్రం డ్రమ్ములే. బ్రేకు గట్టిగా తొక్కితే బరువు ముందుకు ఒరుగుతుంది, వెనక చక్రాలు తేలికపడతాయి. డ్రమ్ములో చూస్తే, లోపలి నుంచి ఒత్తే షూ ఒకసారి అంటుకుందంటే తిరిగే డ్రమ్మే దాన్ని ఇంకా గట్టిగా లాక్కుంటుంది. అంటే అవసరం తక్కువున్న చోట ఉత్సాహం ఎక్కువ. వెనక చక్రాలు ముందుగా బిగుసుకుపోయాయా, కారు తోక ముందుకొచ్చి, డ్రైవరుకు తాను వచ్చిన దారే మళ్లీ ఎదురుగా దర్శనమిస్తుంది. ఈ ముప్పు తప్పించడానికి వెనక బ్రేకులకు ఆయిల్ పోయే లైన్లో ఈ చిన్న వాల్వు పెట్టారు. లోపల ఒక పిస్టన్, ఒక స్ప్రింగు. ఒక స్థాయి వరకూ ఆయిల్ ప్రెజర్‌ను వచ్చింది వచ్చినట్టే వెనక్కి పంపుతుంది. అది దాటాక, పెరిగినదాంట్లో కొంత భాగమే పంపుతుంది. అంతే దాని ఉద్యోగం.

తర్వాత ప్రభుత్వం కలగజేసుకుంది. 1968 నుంచి కొత్త కార్లలో బ్రేకులు రెండు విడి సర్క్యూట్లుగా ఉండాలని, ఒకటి పోతే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలగాలని నిబంధన తెచ్చింది. డెబ్బైలు వచ్చేసరికి ఆ లైటు స్విచ్చినీ, వెనక షూలు కదిలేదాకా ముందు డిస్కులను కాస్త ఆపి ఉంచే మీటరింగ్ వాల్వునూ, మన ప్రపోర్షనింగ్ వాల్వునూ కలిపి ఒకే ఇత్తడి దిమ్మలో సర్దేశారు. ఒక కుర్చీ, రెండు అదనపు బాధ్యతలు. తప్పు మోపడానికి ఇంతకంటే అనువైన ఉద్యోగి ఎక్కడ దొరుకుతాడు?

వాల్వు తరఫున వాదించేవాళ్లు కొందరు చిల్లర అభ్యంతరాలు లేవదీస్తుంటారు. చాలా కార్లలో దాని నుంచి వెనక ఇరుసుకు పోయేది ఒక్కటే గొట్టమట, ఎడమా కుడీ చీలేది ఇరుసు దగ్గరేనట, కాబట్టి కారు ఒక పక్కకు లాగడంతో దీనికి సంబంధం లేదట. సిగ్నల్ దగ్గర మెల్లగా ఆగేటప్పుడు ప్రెజర్ ఆ స్థాయికే చేరదు గనక అప్పటికి అది డ్యూటీలోనే లేదట. పెడల్ మెత్తబడడానికి లైన్లో చేరిన గాలో, అడ్జస్ట్ చేయని వెనక షూలో కారణం కావచ్చట. గట్టిపడితే, కాలి బలానికి తోడయ్యే బూస్టరు లేని కారుకు బూస్టరున్న కారు మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే ప్రెజర్ పుట్టించే భాగం, తగిలించారేమో చూడాలట. యాభై ఏళ్ల నాటి రబ్బరు హోసు లోపల వాచి మూసుకుపోయినా కారు పక్కకు లాగుతుందట. ఇవన్నీ నిజమే. కానీ ఆ నిజం తేలాలంటే చక్రాలు విప్పాలి, కారు కిందికి దూరాలి, చొక్కా మాసిపోవాలి. వాల్వయితే చాలా కార్లలో బానెట్ ఎత్తగానే ఎదురుగా ఉంటుంది. చేతికి అందినవాడే దోషి.

యజమానిని మాత్రం ఎవరూ అడగరు. ఆ స్ప్రింగును కంపెనీ ఇంజినీర్లు ఆ కారు బరువుకూ, ఆ బ్రేకులకూ, ఆ టైర్లకూ లెక్కగట్టి పెట్టారు. ఈయన వెనక లావు టైర్లు వేసి, ముక్కు కిందికి దించి, ఇంకా పెద్ద ఇంజిను ఎక్కించి, వెనక డ్రమ్ముల స్థానంలో డిస్కులు పెట్టించి, ఆ పైన ‘ఈ వాల్వు సరిగా పనిచేయడం లేదండీ’ అని ఫిర్యాదు చేస్తాడు. పరిష్కారంగా అన్ని కార్లకూ సరిపోతుందనే కొత్త వాల్వు తెప్పిస్తాడు. ఏ కారుకూ ప్రత్యేకంగా సరిపోకపోవడమే దాని ప్రత్యేకత.

ఉత్తర్వులు అమలు చేయడం అంత సులువు కాదు. లైన్ నట్టు తుప్పుతో గొట్టానికి అతుక్కుని ఉంటుంది. దానికోసమే ప్రత్యేకంగా స్పానర్ ఉన్నా, మనవాడు మామూలు స్పానరే వేస్తాడు. నట్టు మూలలు అరిగి గుండ్రమవుతుంది, గొట్టం దానితోపాటే మెలితిరుగుతుంది. ఇక గొట్టం కూడా మార్చాలి. ఈలోగా కారిన బ్రేక్ ఆయిల్ ఫెండర్ మీద పడి పెయింటును లేపేస్తుంది. వాల్వు ఎంత ప్రమాదకరమైనదో చూశారా?

తర్వాత నాబ్ ఉన్న అడ్జస్టబుల్ వాల్వు వస్తుంది. నిజానికి దాన్ని వెనక్కి పూర్తి ప్రెజర్ పోయేలా తెరిచి, ఖాళీ స్థలంలో గట్టిగా బ్రేకులు వేసి చూస్తూ, ముందు చక్రాలు వెనకవాటికంటే కాస్త ముందుగా బిగుసుకునేదాకా తగ్గించుకుంటూ రావాలి. అలా చేస్తే టైర్లు అరుగుతాయి కదా! అందుకని గ్యారేజీలోనే, ఆగి ఉన్న కారులో, అంతరాత్మ చెప్పినంత తిప్పి, ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ నాబ్ చూపిస్తాడు. కొందరు మరీ జాగ్రత్తపరులు. పాత వాల్వును కూడా తీయకుండా దాని తర్వాతే కొత్తది బిగిస్తారు. ఒకే ఫైలు మీద ఇద్దరు కోతాధికారులు కూర్చున్నాక వెనక చక్రాలకు అందేది ఏపాటిది? వెనక షూలు మాత్రం మనవళ్ల కాలానికీ కొత్తగా ఉంటాయి.

బ్రేకు లైన్లలో చేరిన గాలి తీసేటప్పుడు హెచ్చరిక లైటు స్విచ్చిలోని చిన్న పిస్టన్ ఒక పక్కకు జరిగి, లైటు వెలుగుతూనే ఉండిపోతుంది. అది జరగకుండా పట్టి ఉంచడానికి స్విచ్చి స్థానంలో బిగించే చిన్న పనిముట్టు ఉంది. అంతకంటే వైరు పీకెయ్యడం చవక. 1968లో ప్రభుత్వం పెట్టించిన హెచ్చరిక అలా శాంతియుతంగా రిటైరవుతుంది.

తీసేసిన వాల్వు వృథాగా పోదు. పెన్సిల్వేనియాలోని హెర్షీలో ఏటా అక్టోబరులో పాత కార్ల పెద్ద సంత జరుగుతుంది. అక్కడ ఏదో బల్ల మీద అది తళతళా తుడిపించుకుని, ‘ఒరిజినల్, మంచి కండిషన్’ అన్న చీటీ కట్టించుకుని కూర్చుంటుంది. కొత్త వాల్వు వేసినా బ్రేకులు బాగుపడలేదంటే అది ఒరిజినల్ కాకపోవడమే కారణమని తేల్చుకున్న ఇంకో పెద్దమనిషి వస్తాడు. బేరమైనా ఆడకుండా, కొత్తదానికంటే ఎక్కువ పోసి కొనుక్కుపోతాడు. ఆయన కారు కుడికి లాగుతుందట.