పెడిగ్రీ పేరిట పంగనామాలు

"పేపర్లతో అయితే 28 వేలు, పేపర్లు లేకుండా అయితే 12 వేలు. పిల్ల మాత్రం అదే అన్నా." లాబ్రడార్ పిల్ల కోసం అనంతపురంలో పది చోట్ల తిరిగిన ఒక డిగ్రీ కుర్రాడికి అమ్మకందారు చెప్పిన మాట ఇది. పేపర్లంటే కుక్క వంశాన్ని చెప్పే పెడిగ్రీ సర్టిఫికెట్. కుర్రాడు 12 వేలు ఫోన్‌లోనే కొట్టేసి, కుక్కపిల్లను తువ్వాలులో చుట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆరో రోజు దానికి నెత్తురు విరేచనాలు మొదలయ్యాయి. పార్వో అనే వైరస్ జబ్బు అన్నారు డాక్టరు. తొమ్మిదో రోజు పశువుల ఆస్పత్రి వరండాలో, ముందు కాలికి సెలైన్ సూది ఉండగానే పోయింది. మా కార్యాలయానికి ఆ కుర్రాడు తెచ్చిన ఆధారం ఒక్కటే, వాట్సాప్ స్టేటస్ స్క్రీన్‌షాట్. "45 డేస్ పప్పీస్, ప్యూర్ బ్రీడ్, వితౌట్ పేపర్స్" అని ఉంది అందులో. అమ్మినవాడి నంబరు ఇప్పుడు పలకడం లేదు.

ఆ స్క్రీన్‌షాట్‌ను మేము రెండుసార్లు చదివాం. ప్రకటన పేరుతో రాసిచ్చిన నేరాంగీకార పత్రం అది. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదని కేంద్రం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనలు చెబుతున్నాయి. ఎనిమిది వారాలంటే 56 రోజులు. 45 రోజుల పిల్ల అని బాహాటంగా చాటుకుంటున్నాడంటే, ఆ నిబంధన ఒకటుందని అతనికి తెలియదు, లేదా తెలిసినా అడిగే నాథుడు లేడని తెలుసు. రెండోదే నిజమని మా అనుమానం.

అసలు ఈ రెండు రేట్లు ఎక్కడివి? జాతి కుక్కలను నమోదు చేసే, చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే పెడిగ్రీ సర్టిఫికెట్‌లో మూడు తరాల పేర్లు ఉంటాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ అక్కడ నమోదై ఉంటేనే ఆ ఈతలో పుట్టిన పిల్లలను నమోదు చేస్తారు. చేయించాల్సింది పెంపకందారే. పిల్ల మెడ దగ్గర చర్మం కింద బియ్యపు గింజంత మైక్రోచిప్ పెట్టిస్తారు, దాని 15 అంకెల నంబరు కాగితం మీద ఉంటుంది. ఈ మొత్తానికి అయ్యే ఖర్చు పిల్ల ధరలో పిసరంత. అలాంటప్పుడు 16 వేల తేడా దేనికి? ఒకే తల్లి పాలు తాగిన ఎనిమిది పిల్లల్లో నాలుగింటికి వంశం ఉండి, మిగతా నాలుగింటికి లేకుండా పోతుందా?

కాగితం రాయించకపోవడానికి అసలు కారణం వేరే ఉంది. రాయిస్తే తల్లి లెక్క తేలుతుంది. అవే 2017 నిబంధనల ప్రకారం 18 నెలలు నిండని ఆడకుక్కను, 8 ఏళ్లు దాటినదాన్ని ఈనించకూడదు. జీవితకాలంలో అయిదు ఈతలకు మించకూడదు. ప్రతి ఈతనూ నమోదు చేయిస్తే ఎన్నోసారి ఈనిందో, ఎంత వ్యవధిలో ఈనిందో తేదీలతో సహా బయటపడుతుంది. నమోదు లేకపోతే ఆ తల్లి ఎక్కడో రేకుల షెడ్డులో, గొలుసుకు కట్టేసి, ఎదకొచ్చినప్పుడల్లా ఈనుతూనే ఉండొచ్చు. కొనేవాడికి ఆ షెడ్డు కనిపించదు. కుక్కపిల్ల అట్టపెట్టెలో రాత్రి బస్సులో దిగుతుంది, టవర్‌క్లాక్ దగ్గర చేతులు మారుతుంది. "తల్లిని చూపించు" అంటే "బెంగళూరులో ఉంది సార్" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. 12 వేలకు తగ్గించి ఇస్తున్నాడంటే మన మీద ప్రేమతో ఇవ్వడం లేదు. రేపు ఎవరూ తనను పట్టుకోకుండా ఉండటానికి ఇస్తున్న రాయితీ అది.

28 వేలు పోసినవాళ్ల గతి మెరుగ్గా ఉందా అంటే అదీ లేదు. మాకు చూపించిన ఒక "పేపరు" జిరాక్సుకు జిరాక్సు. రంగు గడిలో నలుపు అని ఉంది, ఇంట్లో తిరుగుతున్న కుక్క గోధుమ రంగు. చిప్ నంబరు ఉండాల్సిన చోట ఫొటోకాపీ మసి. స్కానర్ పెట్టి చూపించమని అడిగి ఉంటే నిమిషంలో తేలిపోయేది. పెడిగ్రీ ఉందా అని అడిగితే "రెండు కిలోల ప్యాకెట్ ఫ్రీగా ఇస్తాం సార్" అని ఆ పేరుతోనే దొరికే డాగ్ ఫుడ్ చూపించిన ఘనుడు కూడా ఉన్నాడట. నవ్వొచ్చే మాటే, కానీ అడిగినవాడు ఆ ప్యాకెట్ పుచ్చుకుని సంతోషంగా వెళ్లాడట!

డాగ్ షోలకు వెళ్లేవాళ్లకు తప్ప ఇంట్లో పెంచుకునేవాళ్లకు కాగితంతో పనేమిటని కొందరంటారు. కాగితాలు లేకున్నా తల్లిని చూపించి, టీకాలు వేయించి ఇచ్చే మంచివాళ్లూ ఉన్నారంటారు. ఉండొచ్చు. కాగితం ఉన్నంత మాత్రాన పార్వో రాదనీ మేము అనడం లేదు. వంశం వేరు, టీకా కార్డు వేరు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య తొలి టీకా పడాలి, 16 వారాల దాకా మూడు నాలుగు వారాలకోసారి పడుతూనే ఉండాలి. కార్డు మీద సీసా స్టిక్కరు, డాక్టరు సంతకం, సీలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. కానీ ఇవన్నీ అడగాలంటే ముందు జవాబు చెప్పే మనిషి ఒకడుండాలి కదా! పేరు, చిరునామా, బిల్లు లేని మనిషిని ఏమని అడుగుతారు?

మనకు ఇది తెలియని విద్య కాదు. సీమలో రెండు సెంట్ల జాగా కొనాలంటే 30 ఏళ్ల ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపిస్తాం. ఎద్దును కొనేముందు నోరు తెరిచి పళ్లు లెక్కపెడతాం, సుడులు చూస్తాం, నాలుగడుగులు నడిపించి చూస్తాం. ధర్మవరం చీర జరీని గోటితో గీకి చూస్తాం. వేరుశనగ విత్తనానికి బిల్లు తీసుకోకపోతే పంట పోయాక పరిహారం అడిగే దిక్కుండదని రైతుకు ఊరూరా మైకు పెట్టి చెబుతాం. ఆ రైతు కొడుకే పట్నంలో కుక్కపిల్ల దగ్గరకొచ్చేసరికి "వితౌట్ పేపర్స్" అనగానే చవకగా వచ్చిందని మురిసిపోతున్నాడు. ఈ రెండో రేటును మనం మామూలు విషయంగా ఒప్పుకున్నాం. నేడు కుక్కకు ఒప్పుకుంటే రేపు విత్తనానికి, ఎల్లుండి మందుకు "బిల్లు లేకుండా అయితే ఇంత" అనడానికి ఎవడికీ జంకు ఉండదు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 5 లక్షల లోపు కేసులకు ఫీజు కూడా లేదు. కానీ ఫిర్యాదుతో పాటు పెట్టడానికి ఆ కుర్రాడి దగ్గర ఏముంది? జంతువుల పట్ల క్రూరత్వానికి 1960 చట్టంలో తొలి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. వ్యాపారికి అది రెండు టీల ఖర్చు.

పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు చేసుకోవాలని, ఆ సర్టిఫికెట్‌ను అందరికీ కనిపించేలా పెట్టాలని నిబంధన వచ్చి ఏళ్లు గడిచాయి. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో ఎవరెవరు నమోదయ్యారో ఆ జాబితా పశుసంవర్ధక శాఖ బయటపెట్టాలి. పోలీసులు రావాలి, బడ్జెట్ కావాలి, పైనుంచి జీవో రావాలి అని సాకులు చెప్పొద్దు. ప్రతి పశువుల ఆస్పత్రి గోడకూ ఒక నల్లబల్ల చాలు. ఒక సుద్దముక్క తీసుకుని పేర్లు రాయండి. ఒక్కరూ నమోదు కాకపోతే "ఎవరూ లేరు" అని రాయండి. అది చదివి ఇంకో కుర్రాడైనా 12 వేలు జేబులోనే ఉంచుకుని ఇంటికి పోతాడు.