ఓటు ఊళ్లో, చెత్త ఇక్కడ

బెంగళూరులో ఉన్న మన తెలుగువాళ్ల మీద నాకు చాలా రోజులుగా ఒక కోపం ఉంది. ఇవాళ కక్కేస్తున్నా. మారతహళ్లి, బెళ్లందూరు, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ, ఎక్కడ చూసినా మనమే. ఫ్లాట్ కొంటాం, పిల్లల్ని ఇక్కడే బళ్లో వేస్తాం, గృహప్రవేశానికి బస్సు పెట్టి మరీ చుట్టాలందర్నీ రప్పిస్తాం. మీది ఏ ఊరు అంటే మాత్రం గుంటూరో, కడపో, ఖమ్మమో. బెంగళూరు మనకి ఒక పెద్ద పీజీ. నీళ్లు రాకపోతే ఓనర్‌ని తిడతాం, అంతకుమించి సంబంధం లేదు.

2024 ఎన్నికలే తీసుకోండి. ఏప్రిల్ 26న ఇక్కడ పోలింగ్. శుక్రవారం, సెలవు. మా అపార్ట్‌మెంట్‌లో కొందరు పదకొండింటి దాకా లేవలేదు, కొందరు ముందురోజు రాత్రే కూర్గ్ బయల్దేరారు. బెంగళూరు సౌత్‌లో పోలైంది 53 శాతం. మే 13న ఆంధ్రాలో పోలింగ్. ఈ పదకొండింటి బ్యాచ్చే బస్సువాడు ఎంతడిగితే అంత ఇచ్చి, సీటు దొరక్కపోతే డ్రైవర్ పక్కన కూర్చుని మరీ వెళ్లారు. అక్కడ 80 శాతం దాటింది. అంటే బద్ధకం కాదు, ఓటు విలువ తెలియకా కాదు. వేయాల్సిన చోటు ఇది కాదనుకుంటున్నాం, అంతే.

ఊళ్లో ఓటు తీయించుకోమంటే నాన్న ఒప్పుకోరు, మనవాడు నిలబడ్డాడు, పొలం కాగితాల్లో ఏదైనా తేడా వస్తుందేమో అంటారు. పొలానికీ ఓటుకీ ఏం సంబంధమో నాకు అర్థం కాదు. మామూలుగా ఎక్కడ నివాసం ఉంటే అక్కడే ఓటు, ఊళ్లో ఇల్లుంటే సరిపోదు, రెండు చోట్ల పేరు అసలే ఉండకూడదు అని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతోంది. మార్చుకోవాలంటే ఫారం 8, ఫోన్‌లోనే నింపొచ్చు. రోడ్డు గుంతల ఫొటోలు గ్రూపులో పెట్టే టైముంది కదా!

ఇంకో సంగతి. ఈ నగర కార్పొరేషన్ బీబీఎంపీకి చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 ఆగస్టులో. 2020 సెప్టెంబరులో కౌన్సిల్ గడువు అయిపోయింది. గడువు తీరేలోపే మళ్లీ ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగం 243యు అధికరణంలో రాసుంది. వార్డుల విభజన అన్నారు, రిజర్వేషన్లన్నారు, కోర్టు కేసులన్నారు. చివరికి 2025 సెప్టెంబరులో బీబీఎంపీనే తీసేసి ఐదు కార్పొరేషన్లు చేసి, పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీని కూర్చోబెట్టారు. అప్పటికి ఐదేళ్లుగా కార్పొరేటర్ అనే మనిషే లేడు. మన ఊళ్లో సర్పంచ్ లేకుండా ఒక్క ఏడాది గడిస్తే ఎంత గోల చేస్తాం? ఇక్కడ ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు.

ఎందుకుంటుంది? గేటు లోపల మనకి వేరే ప్రభుత్వం ఉంది. నీళ్లకి ట్యాంకర్, కరెంటుకి జనరేటర్, గేటు దగ్గర సెక్యూరిటీ. మెయింటెనెన్స్ అడుగుకి పావలా పెంచితే అర్ధరాత్రి దాకా జనరల్ బాడీ మీటింగ్, రెండు వర్గాలు, అలకలు. ఆ పట్టుదలలో పదో వంతు గేటు బయట చూపిస్తే చాలు.

ఇక చెత్త. తడిది పచ్చ డబ్బాలో, డైపర్లలాంటివి ఎర్ర డబ్బాలో, పొడిది సంచిలో వేయాలని 2015 డిసెంబరులో హైకోర్టు చెప్పింది. మనం అన్నీ ఒకే నల్ల కవర్లో కట్టి తలుపు బయట పెడతాం. మా బేస్‌మెంట్‌లో ఆ కవర్లు విప్పే ఆమెది హిందూపురం వైపు. బిర్యానీ డబ్బాలో మిగిలిన ఎముకల్లోంచి డైపర్ లాగి పక్కన పడేస్తూ, "చేత్తోనే ఏరల్ల సార్ మేము, రోంత వేరేగా పెట్టమని చెప్పండి" అంది. ఈ నగరంలో చీపురు పట్టే పౌరకార్మికుల్లో చాలామంది మన భాషవాళ్లే. తెలుగు సంఘం ఉగాది ఫంక్షన్‌లో మాత్రం వాళ్లలో ఒక్కరూ నాకు కనబడలేదు. ఏరకుండా పోయిన చెత్తంతా ఏళ్ల తరబడి నగరం శివార్లలోని మండూరులో గుట్టలు పడింది. ఆ ఊరివాళ్లు రోడ్డెక్కితేగానీ 2014 చివర్లో ఆగలేదు.

ఎవరు వింటారండీ అంటారు. బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా స్టీల్ ఫ్లైఓవర్ వేస్తామన్నప్పుడు 2016 అక్టోబరులో వేలమంది రోడ్డు పక్కన చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. 2017 మార్చిలో ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. సర్జాపుర రోడ్డులో కైకొండ్రహళ్లి చెరువు ఎండి పాడైపోతుంటే చుట్టుపక్కలవాళ్లు కార్పొరేషన్ వెంటపడి బాగు చేయించారు. ఇప్పుడు మనవాళ్లు పొద్దున్నే అక్కడే వాకింగ్ చేస్తూ బెంగళూరు పాడైపోయిందని మాట్లాడుకుంటుంటారు.

కన్నడ రాదు కదా, వార్డు మీటింగులకెళ్లి ఏం చేస్తాం అనేది ఆఖరి సాకు. ఆటోవాడితో బేరానికి వచ్చే కన్నడ, వార్డు ఇంజినీర్‌ని వీధిదీపం అడగడానికి ఎందుకు రాదు?