గేమ్ డిజైన్‌పై గల్లాపెట్టె నీడ

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక స్టూడియోలో, గేమ్ విడుదలకు ఇంకా ఎనిమిది నెలలు ఉందనగా, ఒక వంతెన గురించి రోజంతా వాదన నడిచింది. మేము రాసుకున్న ప్రకారం ఆటగాడు ఆ వంతెనను మూడుసార్లు దాటుతాడు. మొదటిసారి ఊరి నుంచి బయటికి, రెండోసారి గాయపడిన తోడుతో వెనక్కి, మూడోసారి రాత్రిపూట ఒంటరిగా. నాలుగోసారి అతడు దాని మీద ఉండగానే అది కూలుతుంది. అప్పటికి ఐదు గంటల ఆట అయిపోయి ఉంటుంది కాబట్టి ఏ పలక కిర్రుమంటుందో, ఏ తాడు వదులైందో అతడికి కంఠతా వచ్చేసి ఉంటుంది. అందుకే కూలినప్పుడు మనసు కలుక్కుమంటుంది. ఆ సమావేశం ముగిసేసరికి వంతెన కూలే ఘట్టం మొదటి గంటలోకి వచ్చి చేరింది.

అందుకు కారణం కథలో లేదు, రిఫండ్ నిబంధనలో ఉంది. కంప్యూటర్ గేమ్‌లకు అతిపెద్ద ఆన్‌లైన్ దుకాణమైన స్టీమ్ 2015 జూన్ నుంచి, కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకుండా ఉంటే, ఏ కారణం చెప్పినా డబ్బు వాపసు ఇస్తోంది. కొనేవాడి పక్షాన నిలబడి చూస్తే ఇది న్యాయమైన నియమమే, నేనూ చాలాసార్లు వాడుకున్నాను. అయితే ఆ నియమం వచ్చాక డిజైనర్ల పక్కన కంటికి కనిపించని గడియారం ఒకటి వచ్చి కూర్చుంది. నిదానంగా ఊరిని పరిచయం చేసే ఆరంభాలు, గంటన్నర తర్వాత గానీ అసలు రుచి తెలియని ఆటలు అనుమానాస్పదమయ్యాయి. మా వంతెన కూలినప్పుడు ప్లేటెస్ట్‌కు, అంటే విడుదలకు ముందు బయటివారిచేత ఆడించి చూసే పరీక్షకు, వచ్చిన ఒక యువకుడు "గ్రాఫిక్స్ బాగున్నాయి" అన్నాడు. అద్దం అవతల కూర్చుని రాసుకుంటున్న మాకు అతడి మాటలో తప్పేమీ కనిపించలేదు. ఒక్కసారే దాటిన వంతెన అతడికి దృశ్యమే అయింది, వంతెన కాలేదు.

గేమ్‌లు ఎలా మారుతున్నాయని అడిగితే చాలామంది సాంకేతికత వైపు, లేదా ఆటగాళ్ల అభిరుచి వైపు చూపిస్తారు. లోపల ఉండి చూసినవాడిగా నా అభిప్రాయం వేరు. ఆటగాడి చేతి నుంచి డబ్బు ఏ క్షణంలో కదులుతుందో ఆ క్షణం చుట్టూనే గేమ్ రూపం అల్లుకుంటుంది. ఆ క్షణం జరిగిన ప్రతిసారీ డిజైన్ దాని వెంట జరిగింది.

ఆర్కేడ్ యంత్రాల కాలంలో ఆ క్షణం కొద్ది నిమిషాలకొకసారి వచ్చేది. నాణెం వేసినవాడు త్వరగా ఓడిపోవాలి, కానీ ఓటమి తన తప్పేననీ మరొక్క నాణెంతో గెలుస్తాననీ అనుకోవాలి. మూడు ప్రాణాలు, క్రమంగా పెరిగే వేగం, తెర మీద వెనక్కి లెక్కపెట్టే అంకెలు అక్కడ పుట్టినవే. ఇంట్లో టీవీ యంత్రానికి తగిలించి ఆడుకునే గేమ్ డబ్బాలు, అంటే కార్ట్రిడ్జ్‌లు, వచ్చాక డబ్బు ముందే వచ్చేసింది. ఇక ఆట ఎంతసేపు నిలుస్తుందన్నదే దాని విలువ అయింది. అయితే ముందే డబ్బు వచ్చే చోట సరుకు ఎలా ఉన్నా పెట్టె మీద బొమ్మ బాగుంటే చాలన్న బుద్ధి కూడా పుడుతుంది. 1983లో అమెరికా గేమ్ మార్కెట్ కుప్పకూలడానికి అది ఒక ముఖ్య కారణం. అప్పటి అంచనాల ప్రకారం 320 కోట్ల డాలర్ల వ్యాపారం రెండేళ్లలో 10 కోట్ల డాలర్లకు పడిపోయింది. అటారీ సంస్థ అమ్ముడుపోని కార్ట్రిడ్జ్‌లను న్యూ మెక్సికోలో గొయ్యి తవ్వి పూడ్చింది, 2014లో వాటిని తవ్వి బయటికి తీశారు కూడా. ఆ శిథిలాల మీద వచ్చిన నింటెండో, తన కన్సోల్‌కు గేమ్‌లు తయారుచేసే కంపెనీలు ఏడాదికి ఐదుకు మించి విడుదల చేయరాదని షరతు పెట్టింది. గిరాకీని కాపాడటానికి సరఫరాకు కళ్లెం వేయడమన్నమాట.

పెద్ద మలుపు ఆ తర్వాతిది. 2006 ఏప్రిల్‌లో 'ఆబ్లివియన్' అనే గేమ్‌లో గుర్రానికి వేసే కవచాన్ని రెండున్నర డాలర్లకు విడిగా అమ్మితే ఆటగాళ్లు నవ్వారు, తిట్టారు, చాలామంది కొన్నారు. 2011లో 'టీమ్ ఫోర్ట్రెస్ 2' పూర్తిగా ఉచితమై, ఆటలోని పాత్రలకు తొడిగే టోపీల అమ్మకం మీద బతకడం మొదలుపెట్టింది. 2017 సెప్టెంబరులో ఉచిత 'ఫోర్ట్‌నైట్ బ్యాటిల్ రాయల్' వచ్చేనాటికి అసలు గేమ్‌ను ఊరికే ఇచ్చి వేషాలు అమ్ముకోవడం ఈ రంగంలో మామూలు సంగతైంది. గల్లాపెట్టె గుమ్మం దగ్గర నుంచి ఇంటి లోపలికి వచ్చేసింది. గుమ్మం దగ్గర డబ్బు తీసుకునేవాడు కొనుగోలుదారుణ్ని లోపలికి రప్పించాలని చూస్తాడు, లోపల తీసుకునేవాడు అతణ్ని బయటికి పోకుండా చూసుకోవాలి. అందుకే మా సమావేశాల్లో రిటెన్షన్ అనే మాట దేవుడి పేరులా వినిపిస్తుంది. మొదటి రోజు వచ్చినవారిలో రెండో రోజు ఎందరు తిరిగొచ్చారు, ఏడో రోజు ఎందరు, ముప్పయ్యో రోజు ఎందరు? ఈ లెక్క చూపే గ్రాఫులో గీత కిందికి వాలిన చోట ఒక బహుమతి పెడతాం. ముగింపు ఉండటం మంచి కథకు లక్షణం, ఇలాంటి గేమ్‌కు మాత్రం ప్రమాదం.

దీన్నంతా కుట్రగా చిత్రించే వ్యాసాలు చాలానే వస్తుంటాయి. వాటితో నాకు సగమే ఏకీభావం. మనిషిని ఎలా కూర్చోబెట్టాలో తెలియడం డిజైనర్ వృత్తిధర్మం. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' 2004లో విడుదలకు ముందు పరీక్షల దశలో ఉన్నప్పుడు, ఎక్కువసేపు ఆడేవారు కాస్త విరామం తీసుకోవాలని వారికి వచ్చే పాయింట్లను సగానికి తగ్గించారు. ఆటగాళ్లు మండిపడ్డారు. డిజైనర్లు ఆ లెక్కనే తిరగేసి రాశారు. సగం అని చూపిన చోట నూరు శాతం అనీ, నూరు అని చూపిన చోట విశ్రాంతి తీసుకున్నవారికి రెండు వందల శాతం అనీ చూపించారు. లోపలి లెక్క మారలేదు, కోపం మాత్రం చల్లారింది. ఇక్కడ ఉపాయం ఆటగాణ్ని లేపి పంపడానికి ఉపయోగపడింది. అదే ఉపాయం అతణ్ని లేవనీయకుండా చేయడానికీ పనికొస్తుంది. ఎటు వాడతామన్నది డబ్బు ఎక్కడ వస్తుందన్న దాన్ని బట్టే ఉంటుంది.

2017 నవంబరులో 'స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2' గేమ్‌పై రేగిన దుమారం, 2018లో బెల్జియం లూట్ బాక్సులను జూదం కింద లెక్కగట్టడం తర్వాత, ఏం వస్తుందో తెలియని పెట్టెలను అమ్మడం పెద్ద కంపెనీలు కొంత తగ్గించుకున్నాయి. వాటి స్థానంలో, కొనుక్కుంటే ఆడేకొద్దీ వస్తువులు ఇచ్చే టికెట్ లాంటి బ్యాటిల్ పాస్ వచ్చింది. ఏమొస్తుందో ముందే చూపిస్తారు, ధర నిర్ణీతం, జూదం లేదు. అయినా ఇది పూర్తిగా మేలు అని నేను అనలేను. కొన్న పాస్‌లోని వస్తువులు సీజన్ అనే గడువు ముగిసేలోపు ఆడి సంపాదించుకోవాలి. అంటే ఆటగాడు డబ్బు ఇచ్చి, ఆ పైన తన సాయంత్రాలను తాకట్టు పెడుతున్నాడు. ఇష్టమై ఆడుతున్నాడా, కట్టిన డబ్బు వృథా కాకూడదని ఆడుతున్నాడా అన్నది మా గ్రాఫుల్లో కనిపించదు. రెండూ ఒకే గీతగా నమోదవుతాయి.

ఇంతకీ పెద్ద స్టూడియోలు ఈ దారి ఎందుకు పట్టాయంటే, ఖర్చు ఎదిగినంత వేగంగా ధర ఎదగలేదు. 2023లో అమెరికా కోర్టులో దాఖలైన పత్రాల్లో సరిగా కొట్టివేయని అంకెల వల్ల, 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' తయారీకి దాదాపు 22 కోట్ల డాలర్లు, 'హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్'కు 21 కోట్లకు పైగా ఖర్చయినట్టు లోకానికి తెలిసింది. అదే సమయంలో పెద్ద గేమ్ ధర చాలా ఏళ్లు 60 డాలర్ల దగ్గరే ఉండి, 2020లో 70కి, 2025లో 'మారియో కార్ట్ వరల్డ్'తో 80కి చేరింది. ఆ మధ్య ఖాళీని పూడ్చడానికే విడి అమ్మకాలు, పాత పేర్ల కొత్త భాగాలు.

ఖర్చు కంటే ప్రమాదకరమైంది కాలవ్యవధి. ఏ రకం గేమ్ అమ్ముడవుతోందన్న నివేదిక మా బల్ల మీదికి వచ్చేసరికే అది గడిచిన ఏడాది ముచ్చట. దాన్ని చూసి మొదలుపెట్టిన పని పూర్తయ్యేది మరో ఐదేళ్లకు. సోనీ విడుదల చేసిన 'కాంకార్డ్' ఇందుకు పాఠ్యపుస్తకంలో పెట్టదగిన ఉదాహరణ. ఒక్కో పాత్రకూ ప్రత్యేక శక్తులుండే జట్ల కాల్పుల ఆటలకు 2016లో 'ఓవర్‌వాచ్' పెద్ద గిరాకీ తెచ్చిపెట్టింది. అదే బాటలో ఏళ్ల తరబడి తయారై 2024 ఆగస్టు 23న 'కాంకార్డ్' 40 డాలర్ల ధరతో వచ్చేనాటికి, 'ఓవర్‌వాచ్ 2' ఉచితమై రెండేళ్లు కావస్తోంది. సెప్టెంబరు 6న గేమ్‌ను ఆపేసి కొన్నవారందరికీ డబ్బు వాపసు ఇచ్చారు, ఆ ఏడాదే స్టూడియోనూ మూసేశారు. పాత్రలు ఆకర్షణీయంగా లేవని బయట పెద్ద చర్చ జరిగింది. నేను ఆడి చూశాను, తుపాకీ పేల్చినప్పటి అనుభూతి చాలా గేమ్‌లలో కంటే బాగుంది. దాని లోపం కత్తికి పదును లేకపోవడం కాదు, యుద్ధం ముగిశాక కత్తి చేతికి రావడం.

అమ్మకాల పట్టికలు చెప్పని మరో సంగతి ఉంది. కొత్త గేమ్‌కు అసలు పోటీ పక్కనున్న కొత్త గేమ్ కాదు. 2013లో వచ్చిన 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5' 20 కోట్ల ప్రతులు దాటింది. 'మైన్‌క్రాఫ్ట్' 30 కోట్లు దాటినట్టు 2023లో ప్రకటించారు. 'ఫోర్ట్‌నైట్' 2017 నుంచి నడుస్తూనే ఉంది. మిత్రులందరూ అక్కడే ఉన్నారు, కొన్న వేషాలన్నీ అక్కడే ఉన్నాయి, వాటిని వదిలి రమ్మని మేము పిలుస్తున్నాం. స్టీమ్‌లో 2024 ఒక్క ఏడాదే 18,000కు పైగా గేమ్‌లు విడుదలయ్యాయి. ఆటగాడికి ఉన్న సాయంత్రాలు మాత్రం ఎప్పుడూ ఉన్నన్నే.

ఈ రద్దీలో గెలిచిన చిన్నవాళ్లను చూస్తే నా వాదన మరింత బలపడుతుంది. 'వాంపైర్ సర్వైవర్స్' రూపొందించిన లూకా గలాంటే అంతకుముందు జూద యంత్రాల పరిశ్రమలో పనిచేసినవాడు. ఆ గేమ్‌లో ఆటగాడు చేయవలసింది నడవడమే, ఆయుధాలు వాటంతట అవే పేలతాయి. దారిలో పెట్టె దొరికితే తెర ఆగిపోతుంది, సంగీతం మోగుతుంది, రంగుల కాంతి పైకి చిమ్ముతుంది, ఒకటా మూడా ఐదా అని ఊరించి బహుమతులు రాలతాయి. జూదశాలలో వాడే హంగు మొత్తం అక్కడుంది, నాణెం వేసే రంధ్రం తప్ప. ఐదు డాలర్లలోపు ఒక్కసారి కట్టేశాక ఆ పెట్టె మళ్లీ డబ్బు అడగదు. అందుకే ఒక ఆట అరగంటకు ముగుస్తుంది, ముగిసిందని స్పష్టంగా చెబుతుంది కూడా. ఆటగాణ్ని పట్టి ఉంచాల్సిన అవసరం గేమ్‌కు లేదు. అదే పెట్టెను ఉచిత మొబైల్ గేమ్‌లో పెట్టి చూడండి, కాంతీ సంగీతమూ మారకుండానే దాని అర్థం తలకిందులవుతుంది.

2023 అక్టోబరులో ఒకే వ్యక్తి తయారుచేసి విడుదల చేసిన 'లీథల్ కంపెనీ'లో డబ్బు కదిలే చోటు ఇంకా విచిత్రం. అందులో దూరాన్ని బట్టి మిత్రుల గొంతులు వినిపిస్తాయి. చీకటి నడవలో మాట్లాడుతూ వెళ్తున్నవాణ్ని ఏదో పట్టుకుంటే అతడి కేక సగంలో తెగిపోతుంది. తక్కినవాళ్లు ఒక క్షణం నిశ్శబ్దమై, ఆపై పడీ పడీ నవ్వుతారు. ఆ పది సెకన్ల వీడియోయే దాని ప్రకటన. చూసినవాడు తనకొక్కడికే కొనడు, మరో ముగ్గురిచేత కొనిపిస్తాడు. ధర తక్కువగా ఉండటం డిజైన్‌లో భాగమనేది ఇందుకే.

విజేతలనే చూసి పాఠాలు తీయడంలో మోసం ఉందని నాకు తెలుసు. ఎరిక్ బరోన్ నాలుగున్నరేళ్లు ఒంటరిగా కూర్చుని చేసిన 'స్టార్‌డ్యూ వ్యాలీ' 4 కోట్లకు పైగా అమ్ముడైంది. అంతే కష్టపడి, అంతే ప్రతిభతో చేసిన గేమ్‌లు పది సమీక్షలకు కూడా నోచుకోక మునిగిపోవడం నేను కళ్లారా చూశాను. స్టీమ్‌లో పది సమీక్షలు రాకపోతే గేమ్ పేరు పక్కన రేటింగే కనిపించదు. కాబట్టి చిన్నగా చేస్తే గెలుస్తామన్నది నేను చెబుతున్న మాట కాదు. చిన్న స్టూడియో తన గల్లాపెట్టె ఎక్కడ పెట్టాలో తానే నిర్ణయించుకోగలదు, పెద్ద స్టూడియోకు ఆ నిర్ణయం అప్పటికే జరిగిపోయి ఉంటుంది.

నేను ఇప్పుడు పనిచేస్తున్న ప్రాజెక్టులో రెండు గంటల లెక్క గురించి ఎవరూ మాట్లాడటం లేదు. విడుదలకు ముందు ఉచిత డెమో పెట్టి, ఆడినవారిచేత, తర్వాత కొనాలనుకున్న గేమ్‌ను గుర్తుపెట్టుకునే విష్‌లిస్ట్ బటన్ నొక్కించుకుంటే, విడుదల రోజున, ఆ తర్వాత 20 శాతమో ఆపైనో తగ్గింపు ఇచ్చినప్పుడు స్టీమే వారికి కబురు పంపుతుంది. అంచేత ఇప్పుడు చర్చంతా డెమోలోని ముప్పై నిమిషాల మీదే నడుస్తోంది. పోయిన వారం ఒక కుర్ర డిజైనర్ తాను గీసిన ఊరి పటం తెచ్చి చూపించాడు. ఆటగాడు పడవ రేవుకు ఐదుసార్లు వెళ్లి రావాలట, ఆరోసారి వెళ్లేసరికి పడవ ఉండదట. డెమోలో ఎన్నిసార్లు వెళ్తాడని అడిగాను. ఒకసారి, అన్నాడు.